అమెరికా ప్రభుత్వం పని ఇండియాలో చేయకూడదట, మా ప్రాసెస్ ఆపేశారు. ఇది న్యాయమేనా?

పాలకొల్లు_కుర్రోడు
కాకినాడలో ఒక చిన్న ఆఫీసులో నైట్ షిఫ్టు చేస్తున్నాను. అమెరికా నుంచి వచ్చే అప్లికేషన్లు చూసి పేరు, చిరునామా, ఆదాయం లాంటివి సిస్టంలో ఉన్నవాటితో సరిచూసి, తేడా ఉంటే మార్కు చేసి పైకి పంపడం మా పని. పోయిన వారం మేనేజర్ గారు అందరినీ కూర్చోబెట్టి, ఈ ప్రాసెస్ నెలాఖరుకి ఆగిపోతుందని చెప్పారు. ఎందుకంటే అది అక్కడి ఒక రాష్ట్ర ప్రభుత్వం పనట. దేశం బయట చేయించకూడదని కాంట్రాక్టులోనే ఉందట. ఆడిట్‌లో బయటపడిందట.

మాకు పని ఇచ్చింది హైదరాబాద్ కంపెనీ. వాళ్ళకి ఇచ్చింది అమెరికాలో ఇంకో కంపెనీ. ఆ పైన ఎవరున్నారో మాకు ఎవరూ చెప్పలేదు. తప్పుల్లేకుండా చేస్తున్నారని క్లయింటు మెచ్చుకుంటూ మెయిల్ కూడా పెట్టాడు. పని బాగా చేసినవాళ్ళని ఊరు చూసి ఆపేయడం న్యాయమేనా? దీనికి చట్టం ఏదైనా ఉందా? మన ప్రభుత్వం అడగడానికి లేదా?

పులస_పిచ్చి
రాత్రిళ్ళు నిద్రపోవచ్చు, ముందు దానికి సంతోషించు. సరదాకన్నాను తమ్ముడూ. ఈ నెల జీతం సంగతి తేల్చారా?

తణుకు_టెకీ
న్యాయం ప్రశ్నే రాదు ఇక్కడ. వాళ్ళ జనం కట్టిన పన్ను, వాళ్ళ ప్రభుత్వం ఖర్చు. ఎవరితో చేయించుకోవాలో వాళ్ళిష్టం. రేపు మన మున్సిపాలిటీ పన్ను లెక్కలు రాసే పని మనీలాకో ఢాకాకో ఇచ్చేస్తే మన ఊళ్ళో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు ఊరుకుంటారా?

న్యూజెర్సీ_గోదారి
మాది అమలాపురం. ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. ఈ గొడవ మొదలైందే మా రాష్ట్రంలో కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2002లో న్యూజెర్సీలో పేదలకి సాయం ఇచ్చే కార్డుల హెల్ప్‌లైన్ ఒకటి ఉండేది. ఆ కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ ఆ కాల్స్‌ని ముంబైకి మళ్ళించింది. ఉద్యోగం పోయి ప్రభుత్వ సాయం మీద బతుకుతున్న మనిషి ఇక్కడి నుంచి ఫోన్ చేస్తే ముంబైలో ఎత్తేవారు. ఆ మనిషికి ఇవ్వదగిన ఉద్యోగమే అది, దాన్నే ప్రభుత్వం డబ్బుతో బయటికి పంపారని షిర్లీ టర్నర్ అనే రాష్ట్ర సెనేటర్ పట్టుకుంది. రాష్ట్ర కాంట్రాక్టు పని అమెరికాలోనే జరగాలని బిల్లు పెట్టింది. సెనేట్‌లో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా నెగ్గింది కానీ అసెంబ్లీలో ఆగిపోయింది. ఈలోగా గోల ఎక్కువై ఆ కాల్ సెంటర్ని ఇక్కడే కామ్డెన్‌కి తెచ్చారు. దానికి రాష్ట్రం అదనంగా డబ్బు పెట్టుకోవాల్సి వచ్చింది. చివరికి 2005లో చట్టం అయింది.

ఆ చట్టం ప్రకారం టెండరు వేసేటప్పుడే పని ఏ దేశంలో జరుగుతుందో కాంట్రాక్టరూ, అతని సబ్ కాంట్రాక్టర్లూ రాసివ్వాలి. మధ్యలో బయటికి మారిస్తే కాంట్రాక్టు ఉల్లంఘన కింద లెక్క. ఆ పని అమెరికాలో దొరకనే దొరకదని సంబంధిత అధికారి ధ్రువీకరిస్తే మినహాయింపు ఉంది. పాలకొల్లు తమ్ముడు చేసిన పని ఏ రాష్ట్రానిదో తెలీదు కాబట్టి ఇదే చట్టం అని అనలేను. రూలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది.

పాలకొల్లు_కుర్రోడు
అంటే ఇది ఇరవై ఏళ్ళ నాటి సంగతి. మరి మా హైదరాబాద్ కంపెనీకి తెలిసి ఉండాలి కదా. తెలిసే మాకు ఇచ్చారా?

టెండరుబాబు_రాజమండ్రి
వాళ్ళకి తెలిసి ఉండొచ్చు, లేకపోనూవచ్చు. నీ దాకా రాకపోవడంలో మాత్రం వింత లేదు.

నేను ఇరిగేషన్ పనులు చేస్తాను. మా టెండరు డాక్యుమెంట్లలోనూ అనుమతి లేకుండా పని ఇంకొకరికి అప్పగించకూడదని ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక పూడికతీత మొదలైతే గట్టు మీదకెళ్ళి చూడు. అగ్రిమెంటు ఒకరి పేరున ఉంటుంది, పొక్లెయిన్ ఇంకొకరిది, డీజిల్ పోసేవాడు మూడోవాడు. పొక్లెయిన్ డ్రైవర్‌కి అగ్రిమెంటులో ఏం రాశారో ఎవడైనా చదివి వినిపిస్తాడా? ఏఈ గారు వచ్చి పని ఆపితే ముందు రోజు కూలి పోయేది వాడికే. అగ్రిమెంటు ఉన్నాయన ఎక్స్‌టెన్షన్ తెచ్చుకుంటాడు.

నన్నడిగితే నిషేధం కన్నా పని ఎక్కడ జరుగుతుందో ముందే రాసివ్వమన్న రూలే గట్టిది. అది అడుగు దాకా అమలైతే నీలాంటివాడు ఆ పనిలో చేరేవాడే కాదు, మధ్యలో రోడ్డున పడేవాడూ కాదు.

భీమవరం_చెరువు
మాకివన్నీ అలవాటే. మన రొయ్య మీద 2005 నుంచీ యాంటీ డంపింగ్ సుంకం ఉంది, మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసేది. 2025 ఆగస్టులో ఇండియా సరుకు మీద 50 శాతం దాకా తీసుకెళ్ళారు. వార్త వచ్చిన రోజే ఇక్కడ వంద కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) ధర కొట్టేశారు, సరుకు ఇంకా చెరువులోనే ఉంది. రొయ్యలు అయ్యాయి, ఇప్పుడు కుర్రాళ్ళ మీద పడ్డారన్నమాట.

తణుకు_టెకీ
రెండూ ఒకటి కాదు బాబాయ్. రొయ్య ఓడ ఎక్కి వెళ్తుంది, రేవులో ఆపి సుంకం వేస్తారు. కుర్రాడు చేసిన పని ఇంటర్నెట్‌లో వెళ్తుంది, దానికి కస్టమ్స్ గేటు లేదు. అందుకే వాళ్ళు కాంట్రాక్టులో షరతు పెడతారు, లేకపోతే డబ్బు కట్టే కంపెనీ మీద పన్ను వేయాలని చూస్తారు. 2025 సెప్టెంబరులో బెర్నీ మోరెనో అనే సెనేటర్ పెట్టిన బిల్లు అలాంటిదే. సేవల కోసం బయటి దేశాలకి కట్టే డబ్బు మీద 25 శాతం పన్ను వేయాలన్నాడు. బిల్లు పెట్టడం వేరు, చట్టం కావడం వేరు, టెన్షన్ పడొద్దు. అదే నెలలో కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు మాత్రం వచ్చింది.

భీమవరం_చెరువు
గేటు లేకపోయినా దెబ్బ తగిలింది కదా, నేననేది అదే.

యానాం_మావయ్య
అందరూ అమెరికా అమెరికా అంటున్నారు. మనం చేస్తున్నదేమిటి? 2017లో కేంద్రం మేకిన్ ఇండియా కొనుగోళ్ళ ఆర్డర్ ఇచ్చింది. 2020లో దాన్ని గట్టిచేశారు. సరుకులోనో సేవలోనో 50 శాతం పైన ఇక్కడిదైతే ఒకటో తరగతి సరఫరాదారు, 20 నుంచి 50 అయితే రెండో తరగతి. రూ. 200 కోట్ల లోపు టెండర్లకి గ్లోబల్ టెండరు పిలవకూడదు. మనతో భూసరిహద్దు ఉన్న దేశం కంపెనీ అయితే ముందు రిజిస్టరు చేయించుకుంటేనే బిడ్డు. ఇవన్నీ బాగున్నాయని చప్పట్లు కొట్టాం. వాళ్ళు చేస్తే అన్యాయం అంటే ఎలా?

ఇంకో మాట. ప్రభుత్వ కొనుగోళ్ళ మీద డబ్ల్యూటీఓలో, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థలో, ఒక ఒప్పందం ఉంది, జీపీఏ అంటారు. అందులో చేరిన దేశాలు ఒకరి టెండర్లలో ఒకరిని రానివ్వాలి. ఇండియా చేరలేదు. 2010 నుంచి పరిశీలకుడిగా కూర్చుంది, అంతే. చేరని క్లబ్బులో కుర్చీ అడగలేం. మన ప్రభుత్వం అడగదా అన్నావు చూడు, అడగడానికి కాగితం లేదు.

న్యూజెర్సీ_గోదారి
మావయ్యగారు చెప్పింది నిజం. దానికి తోడు 2011 జనవరిలో వచ్చిన ఇక్కడి చట్టంలో, ఆ ఒప్పందంలో లేని దేశాల నుంచి ఫెడరల్ ప్రభుత్వం కొనేవాటి మీద 2 శాతం పన్ను పెట్టారు. సెప్టెంబరు 11 దాడి బాధితుల వైద్య ఖర్చుకి ఆ డబ్బు. ఇండియా కూడా ఆ పరిధిలోకే వచ్చింది.

పులస_పిచ్చి
మావయ్యగారూ, యానాం వాళ్ళు ఫ్రాన్స్ టెండర్లకి వేయొచ్చా? పాత చుట్టరికం కదా.

యానాం_మావయ్య
వేయొచ్చు. నీకు సబ్ కాంట్రాక్టు ఇస్తాను, రాత్రి డ్యూటీ.

లంకల_లక్ష్మి
నేను రాజమండ్రిలో మెడికల్ కోడింగ్ చేస్తాను, అంటే రోగి ఫైలు చూసి జబ్బుకీ వైద్యానికీ బిల్లు కోసం కోడ్‌లు వేయడం. మా ఫీల్డులో ఇది రోజూ ఉండేదే, పాలకొల్లు తమ్ముడికి ఎవరూ చెప్పకపోవడమే వింతగా ఉంది.

మాకు ట్రైనింగ్‌లోనే చెప్తారు. మెడికెయిడ్ అంటే పేదలకి రాష్ట్రాలు నడిపే పథకం. 2010 నాటి ఆరోగ్య చట్టంలో మెడికెయిడ్ డబ్బు దేశం బయట ఉన్న సంస్థకి రాష్ట్రం చెల్లించకూడదని ఉంది. దాని మీద కొన్ని రాష్ట్రాలు ఇంకా గట్టిగా, రోగి వివరాలే బయట చూడకూడదని తమ కాంట్రాక్టుల్లో రాసుకుంటాయి. వయసు మళ్ళినవాళ్ళకి ఉండేది మెడికేర్. అందులో ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్లకి పూర్తి నిషేధం లేదు, కానీ బయటి దేశంలో ఎవరు ఫైలు చూస్తున్నారో, ఏ జాగ్రత్తలు తీసుకున్నారో బీమా కంపెనీ ప్రకటించాలి.

కాబట్టి మా దగ్గర క్యూలు వేరు. మెడికెయిడ్ ఫైలు పొరపాటున మా క్యూలోకి వస్తే తెరవకుండా టీమ్ లీడ్‌కి చెప్పాలి. ఇలా విడగొట్టి నడిపితే ఎవరి ఉద్యోగమూ రాత్రికి రాత్రి పోదు.

పాలకొల్లు_కుర్రోడు
అక్కా, మా దగ్గర అలాంటిదేమీ లేదు. ఫారం మీద పైభాగం నల్లగా చెరిపేసి వచ్చేది. ఏ ఆఫీసుదో కనపడేది కాదు. ప్రైవసీ కోసం అనుకున్నాం.

టెండరుబాబు_రాజమండ్రి
అయ్యో. అయితే ఎవడో తెలిసే చెరిపాడు.

తణుకు_టెకీ
కాన్ఫిడెన్షియల్ కాబట్టి చెరిపారేమో. ఎన్‌డీఏలో, అంటే వివరాలు బయటపెట్టకూడదన్న ఒప్పందంలో, ఉంటే క్లయింటు పేరు చెప్పరు. ప్రతిదాంట్లో దొంగతనం చూడకండి.

పులస_పిచ్చి
ఎన్‌డీఏ అనకండి, మోడరేటర్ గారు వచ్చేస్తారు.

మోడరేటర్
ఉన్నాను, చూస్తున్నాను. పార్టీల గోల తెస్తే పోస్టు తీసేస్తాను.

నరసాపురం_వాణి
ఈ వరస చూస్తుంటే మా ఇంటి సంగతే గుర్తొస్తోంది. మా అమ్మమ్మ, అమ్మ, పెద్దమ్మలు అందరూ లేసు అల్లినవాళ్ళే. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇది పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లి ఇస్తే దారం లెక్కన కూలి. ఏజెంటు పైన వ్యాపారి, వ్యాపారి పైన ఎగుమతిదారు, ఆ పైన ఏ దేశంలోనో షాపు. అల్లిన బల్లగుడ్డ ఏ దేశం వెళ్ళిందో, ఎంతకి అమ్మారో మా అమ్మమ్మకి ఎప్పుడూ తెలీదు. ఆర్డర్ ఆగితే "అక్కడ ఆగిందమ్మా" అనేవాడు ఏజెంటు. ఎక్కడ అంటే చెప్పేవాడు కాదు. చైనా నుంచి మిషను లేసు వచ్చాక అలా ఆగడం ఎక్కువైంది.

2024లో మా క్రోషే లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది, ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు. సంతోషమే. పేరు ఊరిదైంది, కూలి నిర్ణయించేది మాత్రం ఇప్పటికీ ఏజెంటే.

కుర్రాడి చేతిలో కంప్యూటరు ఉంది, చదువుకున్నాడు, ఇంగ్లీషులో మెయిల్ పెట్టగలడు. అయినా తను ఎవరి పని చేస్తున్నాడో తెలీదు. నాకు ఒళ్ళు మండేది అక్కడ. వాళ్ళ రూలు సంగతి వాళ్ళు చూసుకుంటారు.

తణుకు_టెకీ
వాణి గారూ, మీ బాధ అర్థమైంది కానీ కంపెనీ తన క్లయింటు పేరు ప్రతి ఉద్యోగికీ చెప్పాలని ఎక్కడా లేదు. చెప్తే రేపు వాడే నేరుగా క్లయింటు దగ్గరకి వెళ్తాడు. మధ్యవాళ్ళు వ్యాపారం ఎలా చేయాలి?

నరసాపురం_వాణి
పేరు చెప్పమనలేదండి. "ఇది ప్రభుత్వ పని, బయట చేయకూడదన్న షరతు దీనికి ఉందా లేదా" అన్న ఒక్క ముక్క చెప్పడానికి ఏం అడ్డం? ఏజెంట్లు కూడా మీరన్న మాటే అనేవారు.

లంకల_లక్ష్మి
వాణి గారి మాటే నాది కూడా.

న్యూజెర్సీ_గోదారి
టెకీ గారూ, చెప్పకపోతే ఏమవుతుందో ఒహాయోలో చూశారు. 2010లో అక్కడ కరెంటు తక్కువ తాగే ఫ్రిజ్‌లూ వాషింగ్ మిషన్లూ కొంటే రిబేటు ఇచ్చే పథకం పెట్టారు. దానికి ఫోన్ చేస్తే ఎల్ సాల్వడార్‌లో ఎత్తారు. ఉద్యోగాలు నిలబెట్టడానికి పెట్టిన డబ్బు అది. గవర్నర్ స్ట్రిక్‌లాండ్ వెంటనే రాష్ట్రం డబ్బుతో బయటి దేశాల్లో సేవలు చేయించకూడదని ఆర్డర్ ఇచ్చాడు. ఎన్నికల ముందు.

దానికి ముందు 2003లో ఇండియానాలో నిరుద్యోగ భృతి కంప్యూటర్ల పని కోటిన్నర డాలర్ల పైచిలుకు కాంట్రాక్టు టీసీఎస్ అమెరికాకి వచ్చింది. తక్కువకి వేసింది వాళ్ళే. నిరుద్యోగుల కోసం పెట్టిన సిస్టంని ఇండియా కంపెనీకి ఇస్తారా అని గోల లేచింది, గవర్నర్ కెర్నన్ రద్దు చేశాడు. ఆ పని చాలావరకు ఇండియానాలోనే కూర్చుని చేయాల్సింది. అంటే అక్కడ కొట్టింది కంపెనీ పేరు చూసి, పని జరిగే చోటు చూసి కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడితేనే చిక్కు.

యానాం_మావయ్య
పక్కనే ఉన్న పోలవరం సంగతేమిటి మరి? అక్కడ డయాఫ్రం వాల్ (నీళ్ళు అడుగు నుంచి ఊరిపోకుండా నేలలోకి దించే గోడ) కట్టింది ఎల్ అండ్ టీతో కలిసి జర్మనీ బావర్ కంపెనీ. మన ప్రభుత్వ కాంట్రాక్టులో బయటి కంపెనీ ఉందిగా, ఎవరైనా గొడవ చేశారా?

టెండరుబాబు_రాజమండ్రి
అంత లోతు గోడ దించే మిషన్లూ, అనుభవమూ ఉన్నవాళ్ళు మన దేశంలో ఎంతమంది మావయ్యగారూ? పైగా ఆ పని గోదావరిలోనే జరగాలి, జర్మనీలో చేసి పంపలేరు. మిషన్ల దగ్గర పనిచేసింది ఇక్కడివాళ్ళు, టిఫిన్ తిన్నది ఇక్కడి హోటళ్ళలో. న్యూజెర్సీ ఆయన చెప్పింది కూడా అదే కదా, కంపెనీ ఎవరిదన్నది ఒకటి, పని ఎక్కడన్నది ఇంకొకటి.

యానాం_మావయ్య
బిల్లు మాత్రం బయటికీ పోతుంది కదా. సరే, ఒప్పుకోను కానీ మీ పాయింటు విన్నాను.

తణుకు_టెకీ
ఇంకో కోణం ఉంది, దాన్ని ఎవరూ తీయలేదు. ఉద్యోగాల కోసమే అయితే నేను కూడా వాదిస్తానేమో, డేటా దగ్గర మాత్రం వాదించలేను. 2025 జులైలో మైక్రోసాఫ్ట్ సంగతి బయటికి వచ్చింది చూశారా? అమెరికా రక్షణ శాఖ క్లౌడ్‌కి చైనాలో కూర్చున్న ఇంజినీర్లు సపోర్ట్ ఇచ్చేవారు. వాళ్ళు చెప్పిన కమాండ్లు అమెరికాలో క్లియరెన్స్ (రహస్య పనికి ప్రభుత్వ అనుమతి) ఉన్న ఒక మనిషి టైపు చేసేవాడు. ఎస్కార్ట్ అంటారట. ఆ మనిషికి చాలాసార్లు తను ఏం టైపు చేస్తున్నాడో అర్థమయ్యేంత టెక్నికల్ నైపుణ్యం లేదని తేలింది. వార్త రాగానే మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మానేసింది. అది చదివాక కాకినాడలో ఆదాయం వివరాలు తెరిస్తే వాళ్ళు భయపడటంలో తప్పు కనపడలేదు నాకు.

పాలకొల్లు_కుర్రోడు
మేం చైనా కాదు కదండీ. ఫోన్లు బయట లాకర్లో పెట్టించేవారు, పెన్ను కూడా లోపలికి రానిచ్చేవారు కాదు.

లంకల_లక్ష్మి
తమ్ముడూ, నువ్వు దొంగవని కాదు. రేపు ఏదైనా లీకైతే అక్కడి పోలీసు కాకినాడ వచ్చి కేసు పెట్టలేడు. వాళ్ళ భయం అది. మన సచివాలయంలో ఉన్న ఆధార్, రేషన్, ఆదాయం వివరాలు వేరే దేశంలో ఎవరో పెన్ను లేకుండా, ఫోన్ లేకుండా చూస్తున్నారంటే నువ్వు సరేనంటావా? ప్రభుత్వ శాఖల క్లౌడ్ డేటా దేశంలోనే ఉండాలని మన కేంద్రం పెట్టుకుంది. చెల్లింపుల డేటా ఇక్కడే ఉంచాలని 2018లో ఆర్‌బీఐ చెప్పింది.

పాలకొల్లు_కుర్రోడు
అలా అడిగితే నేనూ ఒప్పుకోను లెండి. కానీ మా ఆఫీసులో పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు ఉన్నారు, హైదరాబాద్ వెళ్ళలేక కాకినాడలోనే చూసుకున్నవాళ్ళు. వాళ్ళని చూస్తే ఈ వాదనలన్నీ చేదుగా ఉంటున్నాయి.

నరసాపురం_వాణి
అదీ మాట.

భీమవరం_చెరువు
మా చెరువుల మీదకి రమ్మను, మనుషులు దొరకట్లేదు. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి, నైట్ షిఫ్టే కాబట్టి అలవాటు కూడా ఉంటుంది.

పులస_పిచ్చి
జీతం రొయ్యల్లోనా డబ్బుల్లోనా?

టెండరుబాబు_రాజమండ్రి
వాదనలు పక్కన పెట్టి కుర్రాడికి పనికొచ్చేది చెప్దాం. ముందు అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు గడువు ఎంతో చూడు. ప్రాసెస్ ఆగింది అన్నంత మాత్రాన నీ ఉద్యోగం ఆగినట్టు కాదు, ఆపుతున్నామని కాగితం ఇవ్వాలి. నోటితో చెప్తే వెళ్ళిపోకు. రాజీనామా రాసివ్వమంటే అస్సలు రాయకు, అది మా పనుల్లో కూడా పాత ఎత్తే. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఆఖరి నెల దాకా పడిందో లేదో నువ్వే చూసుకో.

న్యూజెర్సీ_గోదారి
ఇంకొకటి. ఆడిట్ అన్నారు కాబట్టి, నువ్వు ఏ తేదీ నుంచి ఏ పని చేశావో రాసిన ఏదైనా డిక్లరేషన్ మీద సంతకం పెట్టమంటారేమో. చదవకుండా పెట్టొద్దు. పని అమెరికాలోనే జరిగిందని వెనక తేదీతో రాసిన కాగితాలు తిరిగే అవకాశం ఉంది. అక్కడ అది నేరం, ఇరుక్కునేది సంతకం పెట్టినవాడు.

తణుకు_టెకీ
దీంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఈ త్రెడ్‌లో మొదటిసారి.

పాలకొల్లు_కుర్రోడు
అప్‌డేట్. రాజీనామా ఎవరూ అడగలేదు. హైదరాబాద్ వాళ్ళు వేరే పని ఇస్తామన్నారు, ఆసుపత్రుల బిల్లింగ్, ప్రైవేటు బీమా ఫైళ్ళు అంటున్నారు. మా టీమ్‌లో సగం మందికే. లక్ష్మి అక్కా, నేను బీకాం, కోడింగ్ సర్టిఫికెట్ లేకుండా కుదురుతుందా?

లంకల_లక్ష్మి
బిల్లింగ్‌కి అక్కర్లేదు. క్లెయిము రిజెక్ట్ ఎందుకయిందో చూసి మళ్ళీ పంపడం, బాకీల ఫాలో అప్ లాంటివి బీకాం వాళ్ళు బాగా చేస్తారు. తర్వాత కోడింగ్‌లోకి రావాలంటే సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు. అనాటమీ కొత్తగా చదవాలి, భయపడక్కర్లేదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఉద్యోగం గ్యారంటీ అంటే మాత్రం ఫీజు కట్టకు.

టెండరుబాబు_రాజమండ్రి
ఈ కొత్త పనిలో ప్రభుత్వ ఫైళ్ళు, ఆ మెడికెయిడ్ లాంటివి లేవని రాతపూర్వకంగా అడిగావా?

పాలకొల్లు_కుర్రోడు
అడిగానండి, మెయిల్‌లోనే. "చెక్ చేసి చెప్తాం" అని రిప్లై వచ్చింది. మూడు రోజులైంది.

పులస_పిచ్చి
లేకపోతే లేవని ఒక్క లైను రాయడానికి మూడు రోజులెందుకు?

లంకల_లక్ష్మి
మళ్ళీ అడుగు తమ్ముడూ. ఈసారి మెయిల్‌లో మీ మేనేజర్ గారిని కూడా పెట్టు.